కుర్చీ మీద సామాను

"గుడ్ మార్నింగ్ మేడమ్. టవల్ ఇమ్మంటారా?"

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు, సాక్షాత్తూ తన మొగుడే, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, నడుం కాస్త వంచి ఈ మాట అడిగేసరికి కితేరి చేతిలో కాఫీ ఒలికింది. వెనకాల ఇంకెవరైనా మేడమ్ ఉందేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. సముద్రం నీళ్ళూ, ఓడ కటకటాలూ, గాలీ.

"నీకేమైనా గాలి సోకిందా?" అంది.

"నవ్వు," అన్నాడు ఇనాస్ పెదవులు కదపకుండా. "మా పైవాడు సావియో చూస్తున్నాడు. గెస్టు నవ్వకపోతే నేనేదో తక్కువ చేశాననుకుంటాడు."

కితేరి నవ్వింది. పచ్చి చింతకాయ కొరికి నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వింది. ఇనాస్ ఆమె కుర్చీ మీద నీలం చారల టవల్ పరిచాడు. తలవైపు అంచు మడిచాడు. ముడతలు అరచేత్తో సాపు చేసి, "హాయిగా గడపండి మేడమ్" అని పక్క కుర్చీకి వెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో ఎర్రగా కాలిన జర్మన్ ముసలాయన ఉన్నాడు. ఆయనకీ అదే నవ్వు, అదే వంపు, అదే మాట. ఇంత పొడుగు ఆడపడుచుల వరస ఉన్న ఇంట్లో కోడలిగా బతికిన కితేరికి ఎప్పుడూ కలగని అసూయ ఆ ముసలాయన మీద కలిగింది.

గోవాలో, మా చించిణి ఊళ్ళో ఇనాస్ బరెత్తో తెలియనివాడు లేడు. సెలవుకి వచ్చాడంటే తవెర్నాలో, అదే మా సారాకొట్లో, బల్లలు చాలవు. అతని ఓడ ఎంత పొడుగంటే, ముందు కొసన వాన పడుతుంటే వెనక కొసన బట్టలారేసుకుంటారు. ఒకసారి లావుపాటి దొరసాని ఒకావిడ ఎడం పక్క నుంచి కుడి పక్కకి టిఫినుకు వెళ్తే కెప్టెన్ చుక్కాని తిప్పి సరిచెయ్యాల్సి వచ్చింది. ఇవన్నీ జరిగినవే. అబద్ధమనుకుంటే ఇనాస్‌నే అడగండి, ఇంకో రెండు కలిపి చెబుతాడు. తవెర్నాలో ఎన్నడూ చెప్పని మాట మాత్రం ఒకటుంది. అది వంటింట్లో, కితేరి చేపలు కడుగుతుంటే, గుమ్మంలో కూర్చుని చెప్పేవాడు. ఓడ ఏ రేవులోనూ ఆగని రోజు ఒకటి ఉంటుందట. చూడ్డానికి ఊరుండదు, కొనడానికి అంగడుండదు. జనం కుర్చీల్లో పడుకుని ఊరికే నీళ్ళకేసి చూస్తారట. "ఎప్పటికైనా నిన్నూ అలా పడుకోబెడతానే. నా పక్కన. ఇద్దరం ఒక్క పనీ చెయ్యకుండా."

ఆ మాట పట్టుకుని వచ్చింది కితేరి. చాలాకాలం పనిచేసినవాళ్ళ ఇంటావిడకి కంపెనీ ఇచ్చే ఉచిత ప్రయాణం అది. ముర్ముగావ్ రేవులో ఎక్కి, మాల్దీవుల్లో మాలే చూసి, మళ్ళీ ముర్ముగావ్‌లో దిగడం. జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

ఎక్కేటప్పుడే రొయ్యల పచ్చడి, బల్షావ్, సీసా తీసేసుకున్నారు. మూత తీసి వాసన చూసిన కాపలావాడు తుమ్మిన తుమ్ముకి లంగరు కదిలిందని ఇనాస్ ఇప్పటికీ చెబుతాడు. ఆమెకిచ్చిన గదికి కిటికీ లేదు. మంచం మాత్రం మా చర్చి పీఠమంత ఉంది. ఇనాస్ ఆ మంచం మీద కూర్చోవచ్చుగానీ పడుకోకూడదు. అతని పడక అడుగు అంతస్తులో ఎక్కడో, ఇంజను పక్కన, ఇంకొకడి పడక కింద. మధ్యాహ్నం ఓ పావుగంట వచ్చి, మంచం అంచున కూర్చుని, ఆమె బల్ల మీద దాచిపెట్టిన రొట్టెముక్క తిని, "వేళయింది" అని లేచేవాడు. నోట్లో రొట్టె ఉండగానే లేచేవాడు. కితేరి చెప్పదలుచుకున్నవన్నీ ఆమె దగ్గరే మిగిలిపోయేవి.

అందుకని పొద్దున్నే డెక్కు మీదికి వచ్చి కూర్చునేది. మాట్లాడకపోయినా కంటికి కనబడతాడు కదా.

*

డెక్కు మీద ఒక యుద్ధం నడుస్తుంది. అది కుర్చీల యుద్ధం. సూర్యుడు లేచే లోపే గెస్టులు పైజమాలతో వస్తారు. ఈత కొట్టే నీళ్ళ తొట్టికి దగ్గరున్న కుర్చీల మీద ఒక పుస్తకం, ఒక చెప్పుల జత, ఒక ఎండ టోపీ పెట్టేసి, పోయి మళ్ళీ పడుకుంటారు. తరవాత టిఫిన్లు, తాంబోలా, జుట్టు కత్తిరింపులు. ఎండెక్కేసరికి మనుషులేమో నిలబడి ఉంటారు, పుస్తకాలేమో కాళ్ళు చాపుకుని ఉంటాయి.

దీనికి ఓడవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. మనిషి లేని కుర్చీ కనబడితే ఇనాస్ చీటీ మీద టైము రాసి, పెద్ద ప్లాస్టిక్ క్లిప్పుతో టవల్‌కి బిగిస్తాడు. ముప్పావు గంటలోపు ఆ సామాను ముట్టుకోకూడదు. ముప్పావు గంట దాటినా మనిషి రాకపోతే సామాను సంచిలో వేసి టవళ్ళ గుడిసెలో పెట్టి, కుర్చీని నిలబడ్డవాళ్ళకి ఇవ్వాలి.

ఓడ మాలే వదిలే రోజు పొద్దున అలాగే ఒక లావు పుస్తకాన్ని తీశాడు. ఆ కుర్చీలో మోకాళ్ళ నొప్పుల ముసలావిడ ఒకామె కూర్చుంది. ఆమె టవల్ మోకాళ్ళ మీదికి లాక్కునేలోగా పుస్తకం తాలూకు మనిషి ఊడిపడ్డాడు. మెడలో బంగారు గొలుసు, ఒంటి మీద చుక్క తడి లేదు.

"నా సామాను ఎవడు ముట్టుకున్నాడు? నేనిక్కడే నీళ్ళలో ఉన్నాను!"

"క్షమించండి సార్. చీటీ పెట్టి చాలాసేపయింది."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

సావియో వచ్చాడు. తెల్ల నిక్కరు, తెల్ల మేజోళ్ళు, భుజం మీద రెండు గీతలు. మడగావ్ పిల్లాడే, కితేరి చెల్లెలి కొడుకు వయసు. ఒక్క ప్రశ్న అడగలేదు. "మా వాడిది పొరపాటు సార్," అన్నాడు. ఇనాస్ గుడిసెలోకి వెళ్ళి పుస్తకం తెచ్చి, రెండు చేతుల్తో ఇచ్చాడు. ముసలావిడ తనంతట తనే లేచింది. లేవడానికి ఇనాస్ భుజం పట్టుకుంది. గొలుసాయన పుస్తకాన్ని మళ్ళీ కుర్చీ మీద పెట్టి, టిఫినుకి వెళ్ళిపోయాడు.

కితేరి టవల్ మార్చుకునే వంకతో గుడిసె దగ్గరికి వెళ్ళింది.

"తప్పు ఆ మనిషిదే కదా?"

ఇనాస్ టవళ్ళు మడుస్తున్నాడు. సగానికి, మళ్ళీ సగానికి, తరవాత చుట్ట. చూడకుండానే చేస్తున్నాడు.

"తప్పెవరిదో చూడ్డానికి వేరే మనుషులున్నారు. నేను కుర్చీలు చూస్తాను."

"ఒక్క మాటైనా అనొచ్చు కదయ్యా. ఊళ్ళో అయితే ఆ గొలుసు మీద మూడు కథలు అల్లేవాడివి."

"ఊళ్ళో నేను కూర్చుని ఉంటానే," అన్నాడు ఇనాస్. "కథ కూర్చున్నవాడికి వస్తుంది."

పక్కనే కెటూత్ నవ్వాడు. కెటూత్‌ది బాలి ద్వీపం. ఇనాస్‌తో కలిసి నాలుగు ఓడలు మారినవాడు. కితేరిని "ఇబు" అంటాడు, వాళ్ళ భాషలో అమ్మ అని. ఇంత వయసు కొడుకేమిటని ఆమె మొదట ఉలిక్కిపడిందిగానీ, రోజూ పదకొండింటికి పనివాళ్ళ వంటశాల నుంచి గ్లాసుడు గంజి దాచి తెచ్చిస్తుంటే ఒప్పేసుకుంది. ఆ పెద్ద భోజనశాలలో తొంభై రకాలు పెడతారు, గంజి మాత్రం పెట్టరు.

"రేపు సముద్రం రోజు కదా ఇబు," అన్నాడు కెటూత్. "రేపు చూడండి మీ ఆయన్ని. భోజనాలయ్యాక సెలవు. చొక్కా కూడా ఇస్త్రీ చేసుకున్నాడు."

ఇనాస్ చెవులు ఎర్రబడ్డాయి. "నోర్ముయ్, టవళ్ళు అందుకో," అన్నాడు.

*

మర్నాడు చుట్టూ ఎక్కడా నేల లేదు. కితేరి మెరూన్ రంగు గౌను వేసుకుంది. పెళ్ళిళ్ళకి వేసుకునేది. బెబింక కేకు కాల్చేటప్పుడు పొరపొరకీ నిప్పుకి ఎదురుగా నిలబడి నిలబడి ఉబ్బిన కాళ్ళని కొత్త చెప్పుల్లోకి ఎలాగో దూర్చింది. రెండు కుర్చీలు పక్కపక్కన ఉన్న చోటు చూసి, ఒకదానిలో కూర్చుని, రెండోదాని మీద తన చేతిసంచి పెట్టింది. పెట్టాక తనూ గొలుసాయన జాతిలో చేరిపోయానని గుర్తొచ్చి సంచి ఒళ్ళోకి తీసుకుంది. ఎవరైనా అటు వస్తే మాత్రం గుడ్లురిమి చూసింది.

పది గంటలకి సావియో వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఆంటీ, మీరు ఏమీ అనుకోకూడదు. మా వాళ్ళిద్దరికి రాత్రి నుంచి వాంతులు. గదుల్లో పెట్టి తలుపులేశారు. అంకుల్‌కి ఇవాళ సెలవివ్వలేను."

కితేరి అతని మొహంలోకి చూసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. అతనూ నిద్రపోయినట్టు లేదు.

"రేపిస్తావా బాబూ?"

"రేపు పొద్దున్నే మీరు దిగిపోతారు కదా ఆంటీ."

"అదే అడుగుతున్నాను."

సావియో టోపీ చేతుల్లో తిప్పాడు. అప్పుడు వెనక నుంచి కెటూత్, కళ్ళ దాకా టవళ్ళు మోస్తూ, ఆ టవళ్ళలోంచే మాట్లాడాడు. "సార్, ఎడం పక్కా నేనే చూస్తాను, కుడి పక్కా నేనే చూస్తాను. మధ్యాహ్నం ఒక మూడు గంటలసేపు."

"రెండు పక్కలా నువ్వెలా చూస్తావురా?"

"పరుగెత్తుతాను సార్."

సావియో టోపీ తల మీద పెట్టుకున్నాడు. ఆఖరికి, "సరే. కానీ ఆంటీ, ఒక రూలుంది, ముందే చెబుతున్నాను," అన్నాడు. "పనివాళ్ళకి కుర్చీ ఇస్తాం. కానీ ఒక్క గెస్టు కూర్చోడానికి లేక నిలబడితే, పనివాడు లేవాల్సిందే. నా చేతిలో లేదు."

*

ఇనాస్ వచ్చాడు. ఆకుపచ్చ పూల చొక్కా, మడత నలగని ప్యాంటు, తడి తల. ఇన్ని ఏళ్ళుగా తుడిచిన కుర్చీలో ఎలా కూర్చోవాలో అతనికి తెలియలేదు. కటకటాల మీద వాలిన పిట్టలాగా అంచున కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్క బల్ల మీది ఖాళీ గ్లాసు తీశాడు.

"పెట్టు," అంది కితేరి.

పెట్టాడు. కాసేపటికి చెయ్యి జర్మన్ ముసలాయన జారవిడిచిన టవల్ మీదికి వెళ్ళింది. సగానికి మడిచాడు.

"ఇనాస్!"

"అలవాటే," అన్నాడు. టవల్ వదిలేశాడు.

"కాళ్ళు పైకి పెట్టు. వెనక్కి వాలు. ఇంకా. మెడ ఎందుకలా నిక్కిస్తావు, ఫొటో తీస్తున్నారా?"

వాలాడు. మెల్లగా, ఒక్కొక్క ఎముకనీ అడిగి అడిగి పడుకోబెట్టినట్టు వాలాడు. కితేరి కూడా వాలింది. ఇద్దరూ నీళ్ళు చూశారు. గాలి ఉప్పగా ఉంది. ఎక్కడో పాట వినబడుతోంది. ఇదే కదా. వంటింటి గుమ్మంలో చెప్పింది ఇదే కదా.

"చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"ఏదైనా. తవెర్నాలో చెప్పనిది."

ఇనాస్ నవ్వాడు. టవల్ ఇచ్చే నవ్వు కాదు, సొంత నవ్వు. వేలెత్తి చూపించాడు. "ఆ గీత చూశావా, నీళ్ళూ ఆకాశం కలిసేచోట? దానికి కాస్త ఇవతల, ఒక ఏడు..."

కితేరి ఆగింది. ఆ ఏడు ఏం జరిగిందో చెప్పలేదు. తిరిగి చూస్తే వేలు ఇంకా సగం లేచే ఉంది, మనిషి లేడు. నోరు కొద్దిగా తెరిచి నిద్రపోయాడు.

"సాయ్‌బా! దేవుడా!" అంది కితేరి. మొదట నిజంగా కోపమొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆగి, బల్షావ్ పోగొట్టుకుని, ఇరుకు చెప్పులు తొడుక్కుని తను వచ్చింది ఈ గురక వినడానికా? తట్టి లేపుదామని చెయ్యి చాచింది. చెయ్యి దారిలో ఆగిపోయింది. అతను చెప్పులు విప్పి పెట్టాడు. మడమల పగుళ్ళలో డెక్కు కడిగే పొడి తెల్లగా ఇరుక్కుని ఉంది. పొట్ట మీద పెట్టుకున్న చేతివేళ్ళు చొక్కా అంచుని పట్టుకుని, నిద్రలోనే, సగానికి మడుస్తున్నాయి. మళ్ళీ సగానికి. తరవాత చుట్ట. మళ్ళీ మొదటి నుంచి.

కితేరి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి అవి నెమ్మదించాయి. ఇంకాసేపటికి ఆగిపోయాయి.

అప్పుడే నీళ్ళ తొట్టి దగ్గర పోటీ ముగిసింది. ఎవరి పొట్ట నీళ్ళకి తగిలి ఎక్కువ చప్పుడవుతుందో వాళ్ళకి బహుమతి, అటువంటి పోటీ. చప్పట్లు కొట్టిన జనమంతా ఒక్కసారిగా కుర్చీల మీద పడ్డారు. వెడల్పు టోపీ పెట్టుకున్న ఒకావిడా, చేతిలో వేయించిన బంగాళాదుంపల పళ్ళెంతో ఆమె మొగుడూ వచ్చి ఇనాస్ కాళ్ళ దగ్గర నిలబడ్డారు. నిలబడ్డారంతే.

సావియో రానే వచ్చాడు. వాళ్ళకి అర్థం కాకుండా మా కొంకణిలో, మెల్లగా అన్నాడు. "ఆంటీ, అంకుల్‌ని లేపండి."

కితేరి లేచి నిలబడింది. తన కుర్చీని టోపీ ఆవిడకి చూపించింది. ఆవిడ కూర్చుంది. పళ్ళెం ఆయన మిగిలాడు.

"ఇంకొకరున్నారు ఆంటీ."

"ఇటు చూడు బాబూ," అంది కితేరి. వరసంతా చూపించింది. "అక్కడ పుస్తకం పడుకుంది. దాని పక్కన చెప్పుల జత. ఆ చివర ఎండకి రాసుకునే నూనె సీసా, దానికి టవల్ కూడా కప్పారు. వాటిని లేపు."

"అవి గెస్టుల సామాను. చీటీలున్నాయి. టైమయ్యేదాకా ముట్టుకోకూడదు. అంకుల్ సంగతి వేరు. అంకుల్..." సావియో మాట వెతుక్కున్నాడు.

కితేరి కాస్త ఆలోచించింది. బెబింక పొర కాలిందో లేదో చూసేటప్పుడు మొహం ఎలా పెడుతుందో అలాగే పెట్టింది.

"నేను గెస్టునేనా?"

"అయ్యో, కాకపోతే?"

"గెస్టుకి ఒక కుర్చీ ఉంటుందా?"

"ఉంటుంది. మీది ఇప్పుడే ఆవిడకి ఇచ్చేశారు కదా."

"అది పనివాడి కుర్చీ. గెస్టు నిలబడింది, లేచి ఇచ్చేశాం. నీ రూలు తీరిపోయింది. ఇది నా కుర్చీ." టవల్ లాగి ఇనాస్ మెడ దాకా కప్పింది. అతని పొట్ట మీద తన చేతిసంచి పెట్టింది. "దీని మీద ఉన్నది నా సామాను. నేను అలా గాలికి వెళ్తున్నాను. చీటీ పెట్టు."

"ఆంటీ, ఇది ఆట కాదు."

"ఆటైతే ఇంత కాళ్ళనొప్పి ఎందుకొస్తుంది నాయనా," అంది కితేరి. వెళ్ళి కటకటాలు పట్టుకుని నిలబడింది.

సావియో పై డెక్కు వంక చూశాడు. అక్కడి నుంచి అతని పైవాడు ఎప్పుడైనా చూడొచ్చు. ఇనాస్ వంక చూశాడు. అంతలో కెటూత్ వచ్చాడు, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. జేబులోంచి చీటీ తీసి, టైము రాసి, ఇనాస్ భుజం పక్కన టవల్ అంచుకి క్లిప్పు బిగించి, పరుగెత్తుకుంటూ కుడి పక్కకి పోయాడు.

"క్షమించండి సార్," అన్నాడు సావియో పళ్ళెం ఆయనతో. "ఈ కుర్చీకి ఇంకా టైముంది."

ఆయన చీటీ చూశాడు, గురక విన్నాడు. "కానీ ఇది మనిషి కదా?"

"అవును సార్," అన్నాడు సావియో.

*

టైమయినప్పుడల్లా కితేరి వచ్చి టవల్ అంచు ముట్టుకునేది. గెస్టు తిరిగొచ్చినట్టు లెక్క. ఒక్క క్షణం కుర్చీ కొసన కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళేది. కెటూత్ కొత్త చీటీ పెట్టేవాడు. మధ్యలో చెప్పులు విప్పేద్దామనుకుంది, డెక్కు కాలుతోంది. ఒక కాలి మీద బరువు వేసి, అది ఏడిస్తే రెండోదాని మీదికి మార్చి, నీళ్ళు చూసింది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. నీళ్ళే. తిరిగి ఇనాస్‌ని చూసింది. అతను ఊపిరి తీస్తే సంచి లేస్తోంది, వదిలితే దిగుతోంది. ఎక్కువసేపు అదే చూసింది.

ఎండ పసుపెక్కాక ఇనాస్‌కి మెలకువ వచ్చింది. కళ్ళు తెరవడంతోనే లేవబోయాడు. సంచి జారింది.

"టైమెంత?"

"ఇంకా పావుగంట ఉంది."

"నిద్రపోయానా?"

"లేదు. ప్రసంగం చేశావు. పక్కావిడ చప్పట్లు కొట్టింది."

అతను భుజం దగ్గర క్లిప్పు తడిమి చూశాడు. చీటీ చదివాడు. దూరంగా టవళ్ళ బండి తోసుకుంటూ కాలీడుస్తున్న కెటూత్‌ని చూశాడు. అప్పుడు కితేరి పాదాలు చూశాడు. చెప్పుల అంచుల మీద మాంసం పొంగి, ఎర్రగా ఉంది.

కాళ్ళు పక్కకి జరిపి చోటిచ్చాడు. "కూర్చో," అన్నాడు.

కూర్చుంది. అతను వంగి ఆమె చెప్పులు విప్పాడు, ఒకటి తరవాత ఒకటి. రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని బొటనవేళ్ళతో నొక్కడం మొదలుపెట్టాడు.

"చూస్తున్నారయ్యా," అంది కితేరి.

"చూడనీ."

టోపీ ఆవిడ సముద్రంలో ఏదో వెతుకుతున్నట్టు మొహం తిప్పుకుంది. సావియో రెండు కుర్చీల అవతల, మరక లేని బల్లని గట్టిగా తుడుస్తున్నాడు. చెప్పుకోవలసినవన్నీ ఎక్కడికి పోయాయో కితేరికి తెలియలేదు, వాటికోసం వెతకాలని కూడా అనిపించలేదు.

కుర్చీ మీద నీడ పడింది. నీళ్ళు కారుతున్న నిక్కరుతో ఒక పడుచువాడు, భుజాన టవల్‌తో.

"ఈ కుర్చీ ఖాళీ అవుతోందా?"

ఇనాస్ వీపు దానంతట అదే నిటారయింది. ఒక చెయ్యి కుర్చీ పట్టీ మీద ఆనింది. తన పాదాలు అతని ఒళ్ళోంచి జారుతున్నట్టు కితేరికి తెలిసింది, తీసేసుకోబోయింది. ఇనాస్ రెండో చెయ్యి ఆ పాదాల్ని పట్టుకుంది. మళ్ళీ వెనక్కి వాలాడు. తలెత్తి ఆ పిల్లాడి వంక చూశాడు. నవ్వలేదు, కోపం కూడా లేదు.

"లేదు సార్," అన్నాడు. "మేం కూర్చున్నాం."